తుడవని మూల

మా బామ్మర్దితో పేచీ తప్పదని తెలిసి కూడా ఆ మధ్యాహ్నం నేను హుషారుగానే బయల్దేరాను. కడుపు నిండుగా ఉంది, కొత్త చెప్పులు కరవడం మానేశాయి, చేతిలో ఉన్న కేసు మనసుకి నచ్చింది. మా ఆవిడ గుమ్మందాకా వచ్చి క్యారియర్ చేతికిచ్చింది.

"సాయంత్రానికి ఇద్దరికీ పెట్టాను. మా తమ్ముడితో పోట్లాడితే పోట్లాడండి గానీ తిన్నాక పోట్లాడండి. ఆకలేస్తే వాడికి ఒళ్ళు తెలీదు."

వాడు విజిలెన్స్ ఆఫీసరు. నేను సొంతంగా బోర్డు కట్టుకున్న డిటెక్టివుని. వాడికి ప్రభుత్వం జీపు ఇచ్చింది, నాకు వాడి తండ్రి కూతుర్నిచ్చాడు. ఎవరు ఎక్కువ బాగుపడ్డారన్న సంగతి మా ఇద్దరి మధ్య ఇప్పటికీ తేలలేదు.

కేసు ఇదీ. ఆ కాలేజీలో పగలు మామూలు పిల్లలు చదువుతారు. పొద్దు వాలాక అవే గదుల్లో, అవే బల్లల మీద, పగలంతా పనిచేసి వచ్చినవాళ్ళు చదువుతారు. బస్సు కండక్టర్లు, ఆస్పత్రి ఆయాలు, కొట్లలో సరుకు తూచేవాళ్ళు. దాన్ని సాయంకాలం కాలేజీ అంటారు. మొన్న ఓ రాత్రి ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గ్యాస్ లీకయింది. వాచ్‌మన్ వాసన పట్టి వరండాలో ఉన్న మెయిన్ వాల్వు కట్టేశాడు గనక ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఉన్నత చదువులకి ప్రభుత్వం డబ్బు పంచే నిధుల మండలికి ఒక నిబంధన ఉంది. ల్యాబులో భద్రత లేకపోతే ఆ కాలేజీకి గ్రాంటు ఆపెయ్యొచ్చు. మండలి రేపు పొద్దున కూర్చుంటోంది. గ్రాంటు ఆగిందంటే సాయంకాలం కాలేజీకి తాళమే. ఆ రాత్రి ఆఖరి క్లాసు చెప్పిన ల్యాబ్ మేడమ్‌ని అప్పటికే సస్పెండ్ చేశారు. ఆవిడ స్టూడెంట్లే తలా కాస్తా వేసుకుని నన్ను పెట్టుకున్నారు.

ల్యాబ్ తలుపు దగ్గర మా వాడు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ప్రిన్సిపాల్.

"ఏం బావా, అక్క ఇంట్లోంచి తోలేసిందా?"

"నువ్వు ఆకలితో అలమటిస్తున్నావని పంపింది." క్యారియర్ చూపించాను. వాడి మొహం కొంచెం మెత్తబడింది.

"చూడ్డానికి ఏం లేదు. తాళం పగల్లేదు, కిటికీలు మూసినవి మూసినట్టే ఉన్నాయి. తాళంచెవులు రెండు. ఒకటి ప్రిన్సిపాల్ గారిది, ఆయన ఆ రాత్రి ఊళ్ళో లేరు. రెండోది మేడమ్‌ది. మెయిన్ వాల్వు కట్టడం మర్చిపోయింది, ఒక బర్నర్ కుళాయి తెరిచే వదిలేసింది. అజాగ్రత్త. ఒక పేజీ రిపోర్టు. నువ్వు వచ్చి దాన్ని నవల చెయ్యకు."

"సీలు ఎవరు వేశారు?"

"నేనే. వాచ్‌మన్ వరండా దాటి లోపలికి రాలేదు. పొద్దున్నే నేనొచ్చి తెరిపించాను, గాలి ఆడాక ఒక్కణ్ణే లోపలికెళ్ళి ఆ కుళాయి కట్టాను. మరి దేన్నీ ముట్టుకోలేదు."

అదొక్కటీ మా వాడిలో నాకు నచ్చే గుణం. తప్పు దారిలో పోయినా, దారిలో ఏదీ తొక్కడు.

లోపలికి వెళ్ళాం. పొడుగు బల్లలు, వాటి మీద బర్నర్లు, గోడకి నల్లబోర్డు, బోర్డు ముందు చెక్క మెట్టు. మెట్టు అంచున ఒక పలక ఊడి పైకి లేచి ఉంది. మా వాడు దానికి తట్టుకుని ముందుకి తూలాడు. నవ్వబోయి నేనూ తట్టుకున్నాను. వెనక వస్తున్న ప్రిన్సిపాల్ మా ఇద్దర్నీ చూసి కూడా తట్టుకున్నాడు.

"బాగు చేయిద్దామంటే నిధులేవీ," అన్నాడాయన మోకాలు రుద్దుకుంటూ.

నేను కాసేపు ఊరికే నిలబడ్డాను. మా ఊళ్ళో గొడ్డు తప్పిపోతే మా నాన్న ముందు పాకలో నిలబడేవాడు. గొడ్డు ఎటు పోయిందో పాకే చెబుతుందనేవాడు. ఇక్కడా అంతే. కిటికీలు మూసే ఉన్నాయి, నిజం. కానీ నేలకి జానెడెత్తున గోడ పొడుగునా చిన్న చిన్న చెక్క తలుపులున్నాయి, గాలి పోవడానికి. అవన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.

"వీటిని మీవాళ్ళు తెరిచారా?"

మా వాడు వంగి చూశాడు. మూడు రోజులుగా ఆ గదిలో తిరుగుతున్నవాడు వాటిని చూడ్డం అదే మొదటిసారని వాడు మెడ సాచిన తీరే చెప్పింది. "లేదు. తెరిచే ఉంటాయేమో ఎప్పుడూ."

"లేదండీ, మూసే ఉంచుతాం, ఎలకలు దూరతాయి," అన్నాడు ప్రిన్సిపాల్.

"ప్రిన్సిపాల్ గారూ, మీరు ఏం చెప్పేవారు పిల్లలకి?"

"చరిత్ర."

"గదిలో గ్యాస్ వాసన వచ్చిందనుకోండి. ఏం చేస్తారు?"

"కిటికీలు తెరుస్తాను. ఎవరైనా అంతేగా?"

"నువ్వురా?"

"కిటికీలే," అన్నాడు మా వాడు విసుగ్గా. "ఏంటి బావా, పరీక్ష పెడుతున్నావా?"

నేను బోర్డు దగ్గరికెళ్ళాను. శుభ్రంగా తుడిచి ఉంది. శుభ్రంగా అంటే మామూలుగా కాదు. పైనుంచి కిందికి, ఒక పట్టీ పక్కన ఇంకో పట్టీ, నాగలి చాళ్ళలాగా తిన్నగా. కుడిచేతి వైపు పై మూలలో మాత్రం అరచేతి మేర తుడవలేదు. అక్కడ ఆ రాత్రి తేదీ, దాని కింద ముప్పై ఎనిమిది అని అంకె.

"అదేంటి?"

"హాజరు," అన్నాడు ప్రిన్సిపాల్. "ఆవిడ రోజూ అలా రాస్తుంది. ఎందుకో నాకు తెలీదు. రిజిస్టరు ఉందిగా."

మేడమ్‌ని పిలిపించాను. యాభై దాటిన మనిషి, చీర చెంగు నడుముకి దోపుకుని పనిలోంచి లేచొచ్చినట్టు వచ్చింది. వచ్చీ రాగానే చూపు బోర్డు మీద పడింది, పడ్డంత వేగంగానే తిరిగిపోయింది. ఆ తర్వాత మాట్లాడినంతసేపూ ఆవిడ బోర్డు వైపు చూడలేదు. ఇన్నేళ్ళు బోర్డు ముందు బతికిన మనిషి.

"మెయిన్ వాల్వు కట్టారా మేడమ్?"

"కట్టాను."

"కింది తలుపులు?"

"మూసే ఉన్నాయి నేను వెళ్ళేటప్పుడు. అవి తెరిచారంటే..." ఆగిపోయింది. "ఏమో. ఎలకలేమో."

"గడియ తీసే ఎలకల్ని నేనింతవరకూ చూళ్ళేదు. బోర్డు ఎవరు తుడిచారు?"

"నేనే."

"రోజూ తుడుస్తారా?"

"అప్పుడప్పుడు."

ఆవిడ అబద్ధం చెప్పడంలో ఎంత కొత్తో, ఆ చెవుల ఎరుపే చెప్పేసింది. నేను నవ్వుకున్నాను. ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి, నన్ను పెట్టుకున్న మనిషిని పిలిచాను. ఆ క్లాసు లీడరు, కండక్టరు. డ్యూటీ దుస్తుల్లోనే ఉన్నాడు, భుజాన టికెట్ల సంచీ.

"మీ మేడమ్ బోర్డు తుడిచి వెళ్ళిందట."

"మేడమా?" అతను నిజంగానే నోరు తెరిచాడు. "ఎవరన్నారు సార్? ఆవిడ మా బోర్డు జన్మలో తుడవదు. మాలో సగంమంది డ్యూటీ దిగి లేటుగా వస్తాం. రానివాళ్ళు కూడా ఏ రాత్రికో వచ్చి చూసి రాసుకుంటారు. పొద్దున పగటివాళ్ళు తుడుచుకుంటారు."

"తలుపుకి తాళం ఉంటే ఎలా వస్తారయ్యా?" మా వాడు ముందుకొచ్చాడు.

కండక్టరు నాలిక కరుచుకున్నాడు. నా వైపు చూశాడు. నేను తలూపాను.

"వెనక తలుపు సార్. గడియ వేసే ఉంటుంది. తలుపుని కొంచెం పైకెత్తి నెడితే వచ్చేస్తుంది. మా ముందు బ్యాచ్‌వాళ్ళు మాకు చెప్పారు, వాళ్ళకి వాళ్ళ ముందువాళ్ళు చెప్పారు. ఇక్కడ పాఠం విన్నవాళ్ళకి, చెప్పినవాళ్ళకి తప్ప తెలీదు."

"ఆ రాత్రి ఎవరైనా అలా వచ్చారా?"

"నేనే వచ్చాను. క్లాసైపోయిన అరగంటకి. బోర్డు నిండా ఉంది, మొత్తం రాసుకున్నాను. వాసనేమీ లేదు. మేడమ్ అప్పటికే మా తోటి కండక్టరు బస్సెక్కి వెళ్ళిపోయింది, అతనే టికెట్టు కొట్టాడు."

ఆ తర్వాత గంటలోపే వాచ్‌మన్‌కి వాసన తగిలింది. అంటే ఈ ఇద్దరి నడుమ ఎవరో వచ్చారు. నేను సంతోషంగా మా వాడి వైపు తిరిగాను. వాడు నాకన్నా సంతోషంగా ఉన్నాడు.

"దొరికాడు," అన్నాడు వాడు కండక్టరు భుజం మీద చెయ్యేసి. "వెనక తలుపు నుంచి వచ్చింది నువ్వు. ఆఖరున ఉన్నది నువ్వు. మేడమ్ కాదు బావా, వీడు. మేడమ్ వీణ్ణి కాపాడ్డానికే తుడిచానంటోంది."

కండక్టరు మొహం పాలిపోయింది. "సార్, నేను... ఉద్యోగం పోతుంది సార్. డిగ్రీ ఉంటే ఆఫీసులోకి తీసుకుంటామన్నారు. ఇంక ఒక్క ఏడాదే."

"నువ్వు పాఠం రాసుకోడానికి వచ్చి, రాసుకుని, ఆ పైన నీ కాలేజీకే తాళం పడేలా చేశావా?" అన్నాను. "మా వాడి లెక్క ప్రకారం నువ్వు మహా తెలివితక్కువవాడివి. కంగారుపడకు, అలా లేవు."

"బావా, నా కేసులో..."

"నీ కేసేరా. నీ కేసునే గట్టిగా కడుతున్నాను. చూడు. కండక్టరుకి బోర్డంటే అన్నం కంచం. ఎదటివాడు తినకుండా ఎవరూ కంచం కడగరు. ఇది తుడిచిన మనిషికి బోర్డంటే వేరు. పాఠం అయింది, తుడవాలి. ఏ పనిమీద వచ్చినా, దొంగపనిమీద వచ్చినా, బోర్డు రాసి ఉంటే చెయ్యి ఊరుకోదు. వాడు పంతులు. పైగా ఈ గ్యాసు గాలికన్నా బరువు, నేల పట్టుకుని పాకుతుంది. మనలాంటివాళ్ళం కిటికీలు తెరుస్తాం. కింద తలుపులు తెరిచింది ఆ సంగతి తెలిసినవాడు. ఒకే ఒక్క కుళాయి తిప్పాడు, గ్యాస్ పోయే దారి కూడా పెట్టాడు. వాడికి కావలసింది వాసన. మంట కాదు."

మా వాడు నోరు మూసుకున్నాడు. ఆలోచిస్తున్నాడన్నమాట. ఇరవై ఏళ్ళ బంధుత్వంలో అలా జరగడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

"కెమిస్ట్రీ పంతులు," అన్నాడు చివరికి. "ఈ తలుపు గుట్టు తెలిసినవాడు. అలాంటివాడు మేడమ్ ఒక్కతే."

"ఇప్పుడున్నవాళ్ళలో."

ఆ మాట నా నోట్లో ఉండగానే బయట కారు ఆగింది. ప్రిన్సిపాల్ చొక్కా సర్దుకుని పరుగెత్తాడు. నిధుల మండలి సలహాదారు వచ్చాడు. రేపటి సమావేశానికి ముందు ల్యాబుని కళ్ళారా చూడాలని వచ్చాడట. సాయంకాలం కాలేజీలన్నిటినీ మూసి ఆ డబ్బు పగటి కాలేజీలకి మళ్ళించాలన్న పథకం ఆయనదే. టీవీల్లో చూసిన మొహమే. నెరిసిన జుట్టు, ఇస్త్రీ మడత చెడని చొక్కా.

"నాకు ల్యాబుల సంగతి తెలీదు," అన్నాడు వస్తూనే, మర్యాదగా. "లెక్కల మనిషిని. ఆఫీసరు గారు చూపిస్తే చూస్తాను."

మాట్లాడుతూ, మా వాడి మొహంలోకే చూస్తూ, బోర్డు దాకా నడిచాడు. మెట్టు అంచున లేచిన పలక వచ్చింది. ఆయన కిందికి చూడలేదు. కాలు కొంచెం ఎత్తి, దాటి, మెట్టెక్కాడు.

నాకు ఒళ్ళంతా చల్లగా, హాయిగా అనిపించింది. గాలం కదిలితే మా నాన్నకి ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది.

"అయ్యా, నేను పల్లెటూరివాణ్ణి," అన్నాను. "మేడమ్ తరఫు. ల్యాబు సంగతి తర్వాత. అసలు ఈ కాలేజీ మూస్తే డబ్బు ఎలా మిగులుతుందో నా బుర్రకి ఎక్కడం లేదు. కాస్త విడమరిచి చెబుతారా?"

సుద్దముక్క తీసి ఆయన చేతికిచ్చాను. మేడమ్‌ని కూడా లోపలికి రమ్మన్నాను. ఆవిడ వెనక బల్ల దగ్గర నిలబడింది.

"బావా, మూల జాగ్రత్త," అన్నాడు మా వాడు నా చెవిలో. సాక్ష్యం కదా. వాడికీ ఏదో వాసన తగిలినట్టుంది.

సలహాదారు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత బోర్డు వైపు తిరిగాడు. సుద్దముక్క పట్టుకోగానే మనిషి రెండంగుళాలు పెరిగాడు.

"చాలా తేలిక. భవనం, కరెంటు, లైబ్రరీ, ల్యాబు. ఈ ఖర్చంతా ఇక్కడ." పైన గీశాడు. "చదివేవాళ్ళు ఇక్కడ. పంచండి. సాయంకాలంవాళ్ళు డిగ్రీకి రెట్టింపు ఏళ్ళు తీసుకుంటారు. కొందరు మధ్యలో మానేస్తారు. అంటే చేతికొచ్చిన ఒక్కో డిగ్రీకి పడే ఖర్చు ఇంతకింత. అదే డబ్బు పగటి కాలేజీకిస్తే ఇద్దరు చదువుతారు. అర్థమైందా?"

"సగం అయింది. మా తాత పొలంలో బావి తవ్వించాడు. పగలు మా మడి తడిసేది. రాత్రి పక్క చేనువాడు పెట్టుకునేవాడు. మా చిన్నతాత మీలాగే లెక్కల మనిషి. బావి తవ్విన ఖర్చు పగటికి సగం, రాత్రికి సగం అని పంచాడు. రాత్రి నీళ్ళు ఆపేస్తే సగం ఖర్చు మిగులుతుందన్నాడు. ఆపేశారు. ఏడాది తిరిగాక చూస్తే బావి మొత్తంగానే ఉంది. సగం బావి మాయమై డబ్బు వెనక్కి రాలేదు. పక్క చేను మాత్రం ఎండింది."

కండక్టరు కిసుక్కున నవ్వాడు. సలహాదారు కూడా నవ్వాడు.

"మంచి ప్రశ్న," అన్నాడు. మా వాడు అటూ ఇటూ పచార్లు చేస్తుంటే వాడి వైపు చెయ్యి ఊపి, "కూర్చోండి," అన్నాడు. మా వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత, ఎందుకు కూర్చున్నానా అన్నట్టు నా వైపు చూశాడు.

"గోడల ఖర్చు మిగలదు, ఒప్పుకుంటాను. పంతుళ్ళ జీతాలు మిగులుతాయి."

"అయితే జీతాలే వెయ్యండి వాళ్ళ ఖాతాలో. గోడల్ని కూడా వాళ్ళ నెత్తిన వేశారు కనక ఖర్చు కొండలా కనిపిస్తోంది. రేపు వీళ్ళని పంపేశాక ఆ గోడల భారం పగటి పిల్లల నెత్తికెక్కుతుంది. అప్పుడు పగటి కాలేజీ కూడా దండగే అంటారు."

వెనకనుంచి మేడమ్ నెమ్మదిగా అంది. "రెట్టింపు ఏళ్ళు పడుతున్నది నిజమేనండీ. ఆ ఏళ్ళన్నీ వీళ్ళు పనిచేసి పన్ను కడుతూనే చదువుతున్నారు. అది ఆ లెక్కలో ఏ గడిలోనూ లేదు."

సలహాదారు గొంతు గరుకెక్కింది. "మీ బావి కథలో ఒక తప్పుంది. అక్కడ రాత్రి నిజంగా ఎవరో వచ్చి నీళ్ళు పెట్టుకున్నారు. ఇక్కడ? ఖాళీ గదులు. ఖాళీ బల్లలకి హాజరు వేసి గ్రాంటు తింటారు. ఈ కాలేజీల బతుకే అంత. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

సుద్దముక్క కింద పెట్టాడు. పాఠం అయిపోయింది. ఆయన చెయ్యి తనంతట తనే డస్టర్ తీసుకుంది. పైనుంచి కిందికి, ఒక పట్టీ. దాని పక్కన ఇంకో పట్టీ. తిన్నగా. కుడివైపు చివరికొచ్చేసరికి చెయ్యి ఆగింది, మూల చుట్టూ తిరిగింది, ఆ తేదీనీ ఆ అంకెనీ ముట్టుకోకుండా కిందికి దిగింది.

మా వాడు స్టూలు మీంచి లేచాడు.

ఆయన డస్టర్ పెట్టేసి, వేళ్ళకంటిన సుద్ద దులుపుకుంటూ, ఇటు తిరిగి మా మొహాలు చూశాడు. ఆ తర్వాత బోర్డు చూశాడు.

"ఎన్నాళ్ళయిందండీ ఈ గదిలో పాఠం చెప్పి?" అన్నాను.

"ఏమిటి మీరనేది? బోర్డు ఎవరైనా తుడుస్తారు. నేను ఈ ల్యాబు ఎప్పుడూ..."

"సార్," అంది మేడమ్.

ఆ ఒక్క పిలుపుకి ఆయన మాట తెగిపోయింది.

"ఇది బరువైన గ్యాసమ్మా, ఇది పోవాలంటే కాళ్ళ దగ్గర దారి చూపించాలి, అని నాకు చెప్పింది మీరు సార్. ఆ మూడో బల్ల దగ్గర. నేను అప్పుడు బట్టల కొట్లో పనిచేసేదాన్ని. వానొచ్చిన రోజు నేనొక్కదాన్నే వచ్చేదాన్ని. ఒక్కదానికే పూర్తి పాఠం చెప్పేవారు. మూలలో తేదీ రాసి, కింద ఒకటి అని రాసేవారు."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. ఆవిణ్ణి చాలాసేపు చూశాడు.

"బట్టల కొట్టమ్మాయి," అన్నాడు. "నువ్వా."

"మర్నాడు పొద్దున నన్ను పిలిపించి బోర్డు చూపించగానే నాకు తెలిసిపోయింది. ఇలా తుడిచేది ఈ లోకంలో మీరొక్కరే. టీవీలో మిమ్మల్ని చూసినప్పుడల్లా మా సారే అని ఇంట్లో అందరికీ చూపించేదాన్ని. మీరు ఈ పని చేశారని నా నోటితో ఎలా చెప్పను సార్? ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. కానీ ఇందాక ఈ కుర్రాడి భుజం మీద చెయ్యి పడింది. గుమ్మంలోంచి అది చూశాక నావల్ల కాలేదు."

సలహాదారు మెట్టు మీదే కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కాకి సుద్ద అంటుకుంది, చూసుకోలేదు.

"అప్పటి ప్రిన్సిపాల్ నాచేత దొంగ హాజరు వేయించాడు," అన్నాడు. ఎవరితోనో కాదు, నేలతో. "రిజిస్టర్లో అరవైమంది. గదిలో ఒకరు, ఇద్దరు. రిజిస్టర్లో ఏం రాయమంటే అది రాశాను. బోర్డు మూలలో మాత్రం నిజం రాసేవాణ్ణి. అది తుడవడానికి చేతులొచ్చేవి కావు. తర్వాత మానేసి వెళ్ళిపోయాను. ఈ కాలేజీలన్నీ మూయించాలని అప్పుడే అనుకున్నాను. పథకం రాసేటప్పుడు నా కళ్ళముందున్నది ఈ గదే."

"ఆ రాత్రి ఎందుకొచ్చారు?" మా వాడి గొంతులో ఇప్పుడు దురుసు లేదు.

"ఖాళీ గది ఇంకోసారి చూసుకుందామని. వరండాలోంచి చూశాను. నిండా ఉన్నారు. కొందరు నిలబడి రాసుకుంటున్నారు. పదేళ్ళుగా నేను ప్రతి సభలో చెప్పిన మాట ఆ కిటికీ దగ్గర..." ఆయన ఆగాడు. "మండలిలో నిలబడి తప్పయిందని చెప్పాలి. లేదా ఈ ఒక్క కాలేజీని లెక్కలోంచి తీసెయ్యాలి. అందరూ వెళ్ళేదాకా చెట్టు చాటున నిలబడ్డాను. ఆ కుర్రాడు వచ్చి వెళ్ళాడు. ఆ తర్వాత వాల్వు, ఒక కుళాయి. ఎవరికీ ఏమీ కాకూడదని కింది తలుపులు తెరిచాను. బోర్డు ఎప్పుడు తుడిచానో నాకు తెలీదు. తుడిచానని ఇప్పుడు మీరు చెబితే తెలిసింది."

"వాచ్‌మన్ ఆ వేళకి సిగరెట్టు కాలుస్తాడు సార్," అన్నాడు కండక్టరు. కోపంగా అనలేదు. ఊరికే చెప్పాడు.

మా వాడు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "బావా, తీసుకెళ్ళాలి."

"తీసుకెళ్ళు. కాదన్నదెవరు? పైగా దొరికింది నీ సీలు వల్లే. మూల తుడుచుకుపోకుండా కాపాడావు."

"అక్కకి అలాగే చెబుతావా?"

"చెబుతాను. కొంచెం తగ్గించి."

పొద్దు వాలింది. బయట అడుగుల చప్పుడు. సాయంకాలంవాళ్ళు వస్తున్నారు. మేడమ్ సస్పెన్షన్ రద్దేనని ప్రిన్సిపాల్ నోటిమాటతోనే తేల్చేశాడు. సీలు తీసినట్టేనా అని మా వాడి వైపు చూశాడు. మా వాడు తలూపి, ముందు బర్నర్లన్నీ తనే ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"నాకొక్క కోరిక," అన్నాడు సలహాదారు. "పాఠం అయ్యేదాకా ఉంటాను. ఆ తర్వాత మీరు ఎక్కడికంటే అక్కడికి. ఇక్కడ ఏం చూశానో రేపు మండలికి చెప్పే వాంగ్మూలం కూడా మీ ఎదుటే రాసిస్తాను."

మా వాడు నన్ను చూశాడు. నేను క్యారియర్ ఎత్తి చూపించాను. "మనకీ భోజనం కావాలిగా," అన్నాను.

వరండాలో కూర్చుని, కిటికీలోంచి చూస్తూ తిన్నాం. ఆయన ఆఖరి బల్ల దగ్గర ముడుచుకు కూర్చున్నాడు. బల్లలు నిండిపోయాయి. మేడమ్ పాత మూలని తుడిచి, కొత్త తేదీ రాసి, ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టింది. వేలు ఆయన దాకా వచ్చింది. దాటి పోలేదు. ఆయన్నీ కలిపి అంకె వేసింది.

పాఠం సగంలో వెనక తలుపు పైకి లేచి, మెల్లగా తెరుచుకుంది. ఆస్పత్రి ఆయా ఒకామె చెమటలు తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన చేరింది.

"కాస్త జరగండి బాబాయ్ గారూ. కొత్తగా చేరారా? పర్లేదు, మొదట్లో ఏమీ ఎక్కదు. అన్నట్టు, పెన్నుందా?"

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

క్లాసైపోయింది. మేడమ్ సంచీ సర్దుకుని, అందరితో పాటు బయటికొచ్చి, వాల్వు కట్టింది. ఆయా ఒక్కతే గబగబా రాసుకుంటూ ఉండిపోయింది. ఆయన లేచి, పలక దాటి, బోర్డు పక్కనుంచి వస్తున్నాడు. చెయ్యి డస్టర్ దాకా వెళ్ళింది.

మా వాడు ముద్ద నోటి దగ్గర ఆపేశాడు.

ఆయా తలెత్తకుండానే అంది. "తుడవకండి బాబాయ్. సగమే అయింది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆమె రాసుకునేదాకా అక్కడే నిలబడి, పెన్ను తిరిగి తీసుకుని, మా వైపు నడిచొచ్చాడు.